విటెర్బి ఇంటిపేరు కథ

"నాన్నా, మన ఇంటిపేరు ఊరి పేరెందుకైంది?" అని మొన్న మా అబ్బాయి అడిగాడు. నాకు ఎమ్మెస్‌లో చదువుకున్న విటెర్బి ఆల్గారిథమ్ గుర్తొచ్చింది. విటెర్బి కూడా అలాంటి ఇంటిపేరే.

రోమ్‌కి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో విటెర్బో అనే పాత ఊరుంది. అక్కణ్ణించి వచ్చిన యూదు కుటుంబాలకి ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. 1569లో పోప్ ఐదవ పయస్, రోమ్, అంకోనా తప్ప ఇటలీలోని తన రాజ్యమంతటి నుంచీ యూదుల్ని వెళ్ళగొట్టాడు. విటెర్బో కూడా ఆ రాజ్యంలోదే.

ఇటలీలో 'రోస్సి'లు అడుగడుక్కీ కనిపిస్తారు. విటెర్బిలు మాత్రం అరుదు. అసలే చిన్న సమాజం, పైగా మళ్ళీ మళ్ళీ వలసలు.

ఆండ్రియా విటెర్బి 1935లో బెర్గామోలో పుట్టారు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి వ్యతిరేకంగా జాతి చట్టాలు తెచ్చింది. 1939లో ఆ కుటుంబం అమెరికా చేరింది. ఆండ్రియా ఆండ్రూ అయ్యారు, ఇంటిపేరు మాత్రం మారలేదు. 1967లో ఆయన ప్రచురించిన పద్ధతి, రొదలో చెడిపోయిన బిట్లని చూసి అసలు పంపిన వరస ఏదై ఉంటుందో వెనక్కి వెళ్ళి పట్టుకుంటుంది. జీఎస్ఎమ్, సీడీఎమ్ఏ ఫోన్లు దాని మీదే నడిచాయి. 2004లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

మన బెజవాడ, కొండవీటి, నెల్లూరి వారి సంగతీ ఇంతే. ఊళ్ళోనే ఉన్నవాణ్ణి ఎవరూ ఊరి పేరుతో పిలవరు. పొరుగూరికి వెళ్ళాకే "ఫలానా ఊరివాళ్ళు" అంటారు. మావాడికి అదే చెప్పాను: మన వలస మనతో మొదలవలేదురా, ఇంటిపేరు పుట్టిన రోజే మొదలైంది.