ఒడిబియ్యం సరే, భూమిలో వాటా?

తండ్రి దినాలు అయిపోతాయి. చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. నాలుగు రోజులు ఆగి అన్న ఫోన్ చేస్తాడు. "చెల్లె, విరాసత్ చేయించుకోవాలె. నువ్వొచ్చి ఒక్క సంతకం పెట్టిపో." ఆమె పొద్దున బస్సెక్కి వస్తుంది. భూమి అన్నదమ్ముల పేరు మీద ఎక్కించడానికి తనకు అభ్యంతరం లేదని రాసిన కాగితం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. చదువు రాకపోతే వేలిముద్ర. తల్లిగారింట్లో అన్నం తిని, పెట్టిన చీర సంచిలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకు అత్తగారి ఊరు చేరుకుంటుంది. దేవరకొండలో అయినా నారాయణపేటలో అయినా జరిగేది ఇదే. ఎవరూ అరవరు, ఎవరూ బెదిరించరు. ఇంత నిమ్మళంగా, ఇంత ప్రేమగా ఆస్తి చేయి దాటిపోవడం ఇంకెక్కడా చూడం.

చట్టం తెలియక సంతకం పెట్టిందని చాలామంది అనుకుంటారు. తెలిసినా పెడుతుంది. తెలంగాణ పల్లెలో తల్లిగారిల్లు ఒడిబియ్యం పోసే ఇల్లు. కాన్పుకు పోవాలన్నా, జబ్బు చేసినా, మొగనితో పడక పిల్లలను వెంటబెట్టుకుని వచ్చినా తెరుచుకునే గడప అదొక్కటే. ఎకరం చెలక అడిగితే ఆ గడప మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. కోర్టు చుట్టూ పదేళ్ళు తిరిగి తెచ్చుకునే రెండెకరాల కంటే అన్న ఇల్లే అక్కరకొస్తుందని ఆమె వేసుకున్న లెక్క తప్పని నేను అనలేను. ఆమెను ఆ లెక్క వేసుకునే అవసరంలోకి నెట్టిన పద్ధతే తప్పు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఆడవాళ్ళ భూమి కోసం ముప్పై ఏళ్ళుగా జరుగుతున్న పనిని చూస్తే నాకు అర్థమయ్యేదీ ఇదే. వాటా అడిగే భారం ఆమె నెత్తిన పెట్టినంతకాలం ఎంత మంచి చట్టమైనా కాగితం దాటి పొలం గట్టు మీదికి రాదు.

ఐలమ్మ పోయిన నెల

చట్టం విషయంలో తెలుగువాళ్ళం వెనుకబడి లేము. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురుకూ పుట్టుకతోనే హక్కు ఉంటుందని అది చెప్పింది. దేశమంతటికీ ఈ మాట చెప్పడానికి పార్లమెంటుకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

అదే నెల 10న తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు చాకలి ఐలమ్మ కన్నుమూసింది. అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉన్న పాలకుర్తిలో ఆమె కౌలుకు తీసుకున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. పంట ఎత్తుకుపోవడానికి మనుషులను పంపితే సంఘం అండతో నిలబడి ఆ ధాన్యం ఇంటికి చేర్చుకుంది. ఐలమ్మ పట్టాదారు కాదు, కౌలుదారు. ఆమె కొట్లాడింది చెమటోడ్చి పండించిన పంట కోసం, ఆ భూమిని దున్నుకునే హక్కు కోసం. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి వంటివాళ్ళు దళాలు నడిపిన నేల ఇది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో మాట్లాడిన ఆడవాళ్ళలో పలువురు, పోరాటం ముగిశాక తమను మళ్ళీ వంటింటికే పంపించారన్న బాధ దాచుకోలేదు.

1985 చట్టంలో ఒక మెలిక ఉంది. అది అమల్లోకి వచ్చేనాటికి పెళ్ళయిన ఆడబిడ్డకు అందులో వాటా లేదు. అంటే అప్పటికే కాపురాలు చేస్తున్న ఒక తరం మొత్తం బయటే ఉండిపోయింది. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ వచ్చాక ఆ మెలిక పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న తగాదా కోర్టుల్లో మరో పదిహేనేళ్ళు నడిచింది. అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే పక్కాగా జరిగిన పంపకాలను మాత్రం కదిలించడానికి వీల్లేదు. చట్టాల కథ ఇంతటితో సరి. అసలు కథ మండలాఫీసులో ఉంది.

పేరు ఎవరిది?

రైతుబంధు పథకం రాకముందు పాసుపుస్తకం చాలా ఇళ్ళలో బీరువాలో పడి ఉండే వస్తువు. బ్యాంకు అప్పు కావాలన్నప్పుడే బయటికొచ్చేది. 2018 మే నుంచి ఎకరానికి పంటకు 4 వేల రూపాయలు పట్టాదారు ఖాతాలో పడసాగాయి. ఆ ఆగస్టులోనే రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు. దాంతో పొలంలో ఎవరు నడుం వంచుతున్నారన్నది పక్కకు పోయి, పుస్తకంలో ఎవరి పేరుందన్నదే లెక్కకొచ్చింది.

పాలమూరులో మొగవాళ్ళు ముంబయి, పుణెలకు వలస పోతే ఆముదం, కంది, జొన్న వేసుకుని చెలకలను నిలబెట్టింది ఆడవాళ్ళు. నల్లగొండ పత్తి చేలలో విత్తనం పెట్టేదీ, కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ వాళ్ళే. 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ళ పేరున ఉన్న కమతాలు దేశం మొత్తం మీద 14 శాతం దగ్గరే ఆగాయి. తెలంగాణలో 23 శాతం దాకా ఉన్నాయి. దేశం కంటే మనం మెరుగే, నిజమే. కానీ పొలం పనిలో సగానికి మించి చేసేవాళ్ళకు పుస్తకాల్లో నాలుగో వంతు కూడా దక్కలేదు.

ఈ తేడా ఎంత క్రూరంగా ఉంటుందో ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్ళలో తెలుస్తుంది. భూమి ఇంకా మామ పేరు మీదే ఉంటుంది. దున్నింది కొడుకు, అప్పు తెచ్చింది కొడుకు, పోయిందీ కొడుకే. పట్టాదారైన ముసలాయన బతికే ఉన్నాడు కాబట్టి బీమా రాదు. 2015లో తెచ్చిన జీవో 194 కింద 6 లక్షల పరిహారం ఉన్నా, చనిపోయినవాడు రైతేనని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ తేల్చాలి. భర్త పోయిన పుట్టెడు దుఃఖంలో ఆమె రుజువులు వెతుక్కోవాలి. రైతు స్వరాజ్య వేదిక, మహిళా రైతుల హక్కుల వేదిక మకాం ఈ ఇళ్ళ వెంట నడుస్తున్నాయి. మామ కంటే ముందే పోయిన కొడుకు భార్య కూడా మామ ఆస్తికి మొదటి వరుస వారసురాలేనని వాళ్ళు చెబితే తప్ప ఆమెకు చెప్పేవాళ్ళుండరు. మళ్ళీ పెళ్ళి చేసుకున్న కోడలికి ఆ వాటా రాదన్న పాత సెక్షన్‌ను 2005లోనే కొట్టేశారు. ఊళ్ళో పెద్దమనుషులు మాత్రం ఆ పాత మాటే ఇప్పటికీ చెబుతారు.

తండాలో ఇంకో చిక్కు

డాక్టర్ రుక్మిణీరావు ఢిల్లీలో సహేలీ మహిళా సంఘం తొలి సభ్యుల్లో ఒకరు. వరకట్న చావుల మీద అక్కడ పనిచేసి ఇక్కడికి వచ్చారు. ఆమె స్థాపించిన గ్రామ్య మహిళా వనరుల కేంద్రం నల్లగొండ జిల్లా చందంపేట ప్రాంతంలో పనిచేస్తోంది. ఆడపిల్ల పుడితే పురిట్లోనే వదిలించుకోవడం, అమ్మేయడం గురించి అక్కడి లంబాడీ తండాల నుంచి వార్తలు వచ్చిన కాలంలో ఆ పని మొదలైంది. పసికందును బతికించడంతో మొదలైన పని ఆ పిల్ల చదువుకు, తల్లి కూలికి, చివరికి భూమికి చేరింది. అలా చేరడం సహజం. ఆడపిల్ల భారం అని తండా ఎందుకు అనుకుంటున్నదో వెతుక్కుంటూ పోతే, కట్నం మోసుకుని పోయే పిల్లకు ఇంట్లో ఏ ఆస్తీ లేదన్న చోటికే వచ్చి ఆగుతాం.

తండాల్లో ఉన్న చిక్కు బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. తెలంగాణ లంబాడీలు 1976లో ఎస్టీ జాబితాలో చేరారు. అందువల్ల 1985లోనూ 2005లోనూ పక్క ఊరి కూతురుకు వచ్చిన హక్కు తండా కూతురుకు రాలేదు. అక్కడ చెల్లేది ఆచారం, ఆచారం కొడుకు వైపు ఉంటుంది. గిరిజన మహిళలకూ సమాన వారసత్వం వచ్చేలా చట్టం మార్చే విషయం చూడమని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, కూతురుకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు ఆమెకు సమాన వాటా ఇవ్వాల్సిందేనంది. పార్లమెంటు నుంచి మాట రావాల్సి ఉంది. తండా ఆడబిడ్డకు పుట్టింటి భూమి కంటే సర్కారు ఇచ్చే భూమే దగ్గరి దారి. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళయినవాళ్ళకు ఇద్దరి పేరునా కలిపి పట్టా ఇవ్వాలని స్పష్టంగా రాసింది.

తండా కాగితాల్లో ఇంకొన్ని తిప్పలు. పుట్టింట ఆమె కేతావత్, అత్తింట రమావత్. పాత పహాణీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించడానికే ఒక ఎండాకాలం గడిచిపోతుంది.

సంచిలో ఖాస్రా పహాణీ

ఇలాంటి తిప్పలు తీర్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. భూమి సమస్యల మీద కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులు చేసింది. ఆ రోజుల్లోనే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అందరూ సెర్ప్ అనేది, మహిళా సమాఖ్యల ద్వారా ఊరి యువతీయువకులకు భూచట్టాల్లో శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా పెట్టింది. లాండెసా సంస్థ శిక్షణలో తోడుగా నిలిచింది. ఆ పనిలో ఉన్న భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్‌కుమార్ ఇటీవల తెలంగాణ కొత్త భూరికార్డుల చట్టం భూభారతి రాతలోనూ పాలుపంచుకున్నారు.

పారాలీగల్ పని పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. వితంతువు చెప్పింది వినడం, సర్వే నంబరు కనుక్కోవడం, 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటిదాకా నకళ్ళు తీయించడం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జత చేయడం, గొలుసు పట్టి హద్దులు కొలిపించడం, తహసీల్దారు ముందు ఆమె పక్కన నిలబడడం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఆ చివరిదే. ఆఫీసు మెట్ల దగ్గరే ఆగిపోయే మనిషికి లోపలిదాకా తోడు దొరికింది. ఆ ఏర్పాటును తర్వాతి ప్రభుత్వాలు అంతే శ్రద్ధగా నిలబెట్టి ఉంటే 2017 భూరికార్డుల ప్రక్షాళనలో, 2020 అక్టోబర్‌లో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఎందరో ఆడవాళ్ళ పేర్లు గల్లంతయ్యేవి కావు. ధరణి అనుభవదారు కాలమ్ ఎత్తేసింది. పసుపు కుంకుమ కింద నోటిమాటతో ఇచ్చిన అరెకరమైనా, సాదాబైనామా మీద కొనుక్కున్న గుంటలైనా ఆమె దున్నుతున్నదని చెప్పే ఒకే ఒక్క చోటు అదే.

పాలమూరులో దారి వేరుగా నడిచింది. మహిళా సమత సంస్థ 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో దళిత మహిళల సంఘాలు పెట్టింది. 2000ల మొదట్లో యూఎన్‌డీపీ సాయంతో 'సమతా ధరణి' పేరిట ఆ సంఘాలు బీడు చెలకలు కౌలుకు తీసుకుని కలిసి సాగు చేశాయి. కూలికి పోయిన చేతులే ఏ పంట వేయాలో, ఏ విత్తనం దాచాలో నిర్ణయించాయి. కౌలు మాత్రం నోటిమాటే. రాళ్ళు ఏరి చెలకను బాగు చేశాక యజమాని వెనక్కి అడిగితే చూపించడానికి కాగితం లేదు. ఐలమ్మ నాటికీ ఇప్పటికీ కౌలుదారు ఆడమనిషి పరిస్థితి ఈ ఒక్క విషయంలో పెద్దగా మారలేదు.

భూమి సర్కారు ఇచ్చిన చోట కథ మారుతూ వచ్చింది. 1973 భూసంస్కరణల చట్టంలో మేజరైన కొడుకు ఉంటే కుటుంబానికి అదనంగా భూమి ఉంచుకునే వెసులుబాటు వచ్చింది. మేజరైన కూతురును ఎవరూ లెక్కపెట్టలేదు. 2013 భూసేకరణ చట్టం వితంతువును, విడిచిపెట్టబడిన మహిళను వేరే కుటుంబంగా గుర్తించింది. 2014 ఆగస్టు 15న మొదలైన దళితులకు మూడెకరాల పథకంలో భూమిని ఇంటి ఆడమనిషి పేరునే రిజిస్టర్ చేశారు. పథకం ఏడు వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయిందన్న బాధ ఉంది. కానీ ఆ కుటుంబాల్లో ఎవరూ అన్నను అడగాల్సిన పని రాలేదు. సర్కారే ఆమె పేరు రాసింది.

ఇథియోపియాలో ఇదే తేడా కళ్ళకు కట్టింది. టిగ్రాయ్ ప్రాంతంలో భూమి పత్రం ఇంటి పెద్ద పేరుతో ఇచ్చారు. అమ్హారాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసి, ఇద్దరి ఫొటోలూ అంటించారు. అక్కడ భార్య దరఖాస్తు పెట్టలేదు. ఫారమే అలా తయారైంది.

మన దగ్గర అలాంటి ఫారం తయారు చేసే అవకాశం ఇప్పుడుంది. ధరణి స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలైంది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. విరాసత్‌కు ముందు నోటీసు, విచారణ ఉండాలని కొత్త చట్టం చెబుతోంది. పేదలకు ఉచిత న్యాయ సహాయం ఉంటుందనీ చెప్పింది. గ్రామ పాలన అధికారులు మళ్ళీ ఊళ్ళకు వచ్చారు. ఏ ఇంట్లో ఎంతమంది ఆడబిడ్డలో, ఎవరిని ఏ ఊరికిచ్చారో ఊళ్ళో ఉండే మనిషికి ఒక్క పూటలో తెలుస్తుంది. చేయాల్సింది ఇంతే. విరాసత్ దరఖాస్తు రాగానే హక్కున్న వారసులందరి పేర్లూ, కూతుళ్ళతో సహా, ఆఫీసే నేరుగా ఎక్కించాలి. వదులుకునే కాగితం విరాసత్ పూటే తీసుకోకూడదు. ఆడబిడ్డకు వద్దనుకుంటే కొన్నాళ్ళు పోయాక సబ్‌రిజిస్ట్రార్ దగ్గర తనే వచ్చి రాసివ్వవచ్చు. అప్పటికి పాసుపుస్తకం ఆమె చేతిలో ఉంటుంది, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా డబ్బు ఒక పంటకైనా ఆమె ఖాతాలో పడి ఉంటుంది, ఇస్తున్నదేమిటో ఆమెకు తెలిసి ఉంటుంది. అన్న ముఖం చిన్నబుచ్చుకుంటే చెప్పుకోవడానికీ ఒక మాట ఉంటుంది: "నేను అడగలే అన్నా, ఆఫీసోళ్ళే రాసిండ్రు."