పులి మీరు.. మేక మేము!

మస్కి: బండ మీద సుద్దముక్కతో గీసిన గీతలు. 3 పెద్ద రాళ్లు పులులు.. 15 చిన్న రాళ్లు మేకలు. ఆడేది ఇద్దరే, చుట్టూ మూగింది పదిమంది. 'పక్కకి జరుపు', 'బేడ.. అల్లే ఇడి' అంటూ రెండు భాషల్లో సలహాలు!

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి ఈ ప్రాంతంలో క్యాంపులు కట్టుకున్న తెలుగువారికి ఇది పులి-మేక. కన్నడిగులకు ఆడు-హులి. పేరే వేరు, గీతలు ఒకటే. భాష రాకున్నా ఆట ఆగదు.

ఒంటరి మేక దొరికితే పులి దాని మీదుగా దూకి మింగేస్తుంది. మేకలన్నీ కలిసి దారి మూసేస్తే పులి కదల్లేదు. ఆట అయ్యాక పాత్రలు మారతాయి. ఇందాకటి పులి ఇప్పుడు మేక! ఎదుటివాడి కష్టం అప్పుడే తెలిసొచ్చేది.

ఇలా మరొకరి పాత్రలోకి దూరే సరదా మనకే కాదు. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చాక, బల్ల చుట్టూ చేరి తలో వేషం కట్టే ఆటలు దేశదేశాలకూ పాకాయి. వాటికోసం ముక్కూమొహం తెలియనివారూ ఒకచోట కూర్చుంటున్నారు.

మనకు బల్ల కూడా అక్కర్లేదు, అరుగు చాలు. సెల్‌ఫోన్‌లోనూ పులి-మేక దొరుకుతోంది. కానీ అందులో 'అల్లే ఇడి' అనే పక్కింటి అణ్ణ ఉండడు. పిల్లలకు ఆటతో పాటు ఆ అణ్ణనూ పరిచయం చేయాలంటే.. సుద్దముక్క తీయాల్సిందే!