బల్లపై కొండరైలు

డార్జిలింగు కొండరైలు 1881లో ఆ పట్టణమును చేరెను. దాని పట్టాల నడిమి వెడల్పు రెండడుగులే. న్యూ జల్పాయిగురి నుండి నేడు ఆ మార్గము సుమారు 88 కిలోమీటర్లు. 76వ వంతునకు కుదించినను కిలోమీటరుకు మించిన చోటు కావలెను! అందుచే నమూనాలు నిర్మించువారు ఒక స్టేషనును, ఒక మలుపును మాత్రమే ఎన్నుకొందురు. చిన్నబండి ఇరుకైన మలుపులలోను తిరుగును గనుక ఒక బల్ల చాలును. లెక్కకు పట్టాల వెడల్పు 8 మిల్లీమీటర్లు రావలెను. కాని సులభముగా లభించు 9 మిల్లీమీటర్ల పట్టాలనే పలువురు వాడుదురు.

ప్రదర్శననాడే అసలు పరీక్ష. ఇంజనునకు విద్యుత్తు పట్టాలనుండి చక్రముల ద్వారా అందును. రవంత దుమ్ము అడ్డుపడినను, జనులు చూచుచుండగనే బండి నిలిచిపోవును. కావున నిర్మాత ముందుగనే పట్టాలను శ్రద్ధతో తుడుచును. నెలల శ్రమకు ఆ చిన్న పనియే రక్ష.