8 గోల్స్ ప్లేయర్‌కి ఫస్ట్ రౌండ్ పిక్ ఎందుకిచ్చారు?

ఈరోజు ఐస్ హాకీ. మన దగ్గర చూసేవాళ్లు తక్కువే గానీ, డేటా అంటే ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లకి ఈ కథ నచ్చుతుంది. అమెరికా, కెనడాల్లో ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో బార్‌క్లే గుడ్రో అని ఒక ప్లేయర్. 2020లో ఆయన కోసం ఒక జట్టు ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్ ఇచ్చింది. 2024లో ఇంకో జట్టు ఆయన్ని ఊరికే వదిలేసింది. మరి విలువ ఎంత?

ముందు బేసిక్స్. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురు చొప్పున నాలుగు లైన్లు. ఒక్కో లైన్ ముప్పావు నిమిషం ఆడి బెంచ్ మీదకి వచ్చేస్తుంది, ఇంకోటి దిగుతుంది. స్టార్లు మొదటి రెండు లైన్లలో ఉంటారు. కింది రెండు లైన్ల వాళ్లనే డెప్త్ ఫార్వర్డ్స్ అంటారు.

2018-19లో టాంపా బే లైట్నింగ్ 82 మ్యాచ్‌ల్లో 62 గెలిచింది. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే కొలంబస్ చేతిలో 4-0తో ఇంటికి. గోల్స్ కొట్టేవాళ్లకి అక్కడ కొరతే లేదు. అందుకే తర్వాతి సీజన్‌లో జనరల్ మేనేజర్ జూలియన్ బ్రీస్‌బ్వా డెప్త్ మీద ఖర్చుపెట్టాడు. న్యూజెర్సీ నుంచి బ్లేక్ కోల్‌మన్‌ని, శాన్ హోసే షార్క్స్ నుంచి గుడ్రోని తెచ్చాడు. అప్పటికి ఆ సీజన్‌లో గుడ్రో లెక్క 62 మ్యాచ్‌లు, 8 గోల్స్, 16 అసిస్ట్‌లు. దీనికి ఫస్ట్ రౌండ్ పిక్కా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

గోల్స్ మాత్రమే చూస్తే ఆ అనుమానం కరెక్టే. కానీ ఆఫీసులో కమిట్లు లెక్కపెట్టి ఇంజినీర్‌కి రేటింగ్ ఇచ్చే మేనేజర్ ఉంటాడు చూడండి, ఇదీ అలాంటి లెక్కే. రాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసేవాడు ఆ లెక్కలో కనపడడు.

మొదట చూడాల్సింది టైమ్. స్టార్‌కి 20 నిమిషాలు, ఇతనికి 12-15 నిమిషాలు దొరుకుతాయి. పైగా గోల్స్ తేలిగ్గా వచ్చే పవర్ ప్లేలో స్టార్లే ఉంటారు. కాబట్టి ఐదుగురు-ఐదుగురు ఆడే టైమ్ మాత్రం తీసుకుని, 60 నిమిషాలకి ఎన్ని పాయింట్లో లెక్కేయాలి.

రెండోది, నాకు ముఖ్యమైనది: ఆ నిమిషాలు ఎలాంటివి? షిఫ్ట్ మన గోల్ దగ్గర మొదలైందా, వాళ్ల గోల్ దగ్గరా? ఎదురుగా ఎవరున్నారు? ఒక మనిషి తక్కువై ఆడే పెనాల్టీ కిల్‌లో ఎవరు దిగుతున్నారు? టాంపాలో గుడ్రో, యానీ గోర్డ్, కోల్‌మన్ ఒక లైన్. కోచ్ జాన్ కూపర్ ఎదుటి జట్టు స్టార్ల మీదకి వీళ్లని పంపేవాడు. వీళ్లు గోల్ కొట్టకుండా, ఇవ్వకుండా తిరిగొచ్చినా లాభమే, ఎందుకంటే మన స్టార్లకి తేలికైన ప్రత్యర్థి దొరుకుతాడు.

దీన్ని కొలవడానికి ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ వాడతారు. ప్రతి షాట్‌కి దూరం, కోణం లాంటివి చూసి గోల్ అయ్యే అవకాశం ఇంత అని నంబర్ ఇస్తారు. అతను ఐస్ మీద ఉన్నప్పుడు రెండు జట్ల మొత్తంలో మనవాళ్ల వాటా 50 శాతం దాటితే బాగుందన్నట్టు. కష్టమైన నిమిషాలు ఆడేవాడికి 48 వచ్చినా తీసిపారేయకూడదు. అలాగే 54 వస్తే మొత్తం క్రెడిట్ ఇచ్చేయకూడదు, పక్కన గోర్డ్ ఉన్నాడు కదా. లైన్‌మేట్స్ మారినప్పుడు నంబర్ నిలబడిందా అని చూడాలి.

ఇక ధర. జీతాల మొత్తానికి అప్పట్లో జట్టుకి 8 కోట్ల 15 లక్షల డాలర్ల పరిమితి. లీగ్‌లో కనీస జీతం 7 లక్షలు. గుడ్రోది 9 లక్షల 25 వేలు, అదీ ఇంకో సీజన్‌కి కూడా. అంటే ఎవరో ఒకర్ని తెచ్చుకున్నా అయ్యే ఖర్చుకి కాస్త పైన మాత్రమే. టాంపా అసలు కొన్నది ఇదే. 2020, 2021 రెండేళ్లూ స్టాన్లీ కప్ వాళ్లదే. కప్పు గెలవడంతో షార్క్స్‌కి ఇచ్చిన ఆ పిక్ కూడా రౌండ్‌లో చిట్టచివరికి, 31వ నంబర్‌కి జారింది!

2021లో న్యూయార్క్ రేంజర్స్ గుడ్రోకి ఆరేళ్లకి 2 కోట్ల 18 లక్షల 50 వేల డాలర్లు రాసిచ్చారు, ఏడాదికి దాదాపు 36.4 లక్షలు. అప్పటికి వయసు 28. ఒంటిని అడ్డం పెట్టి ఆడే పనికి 34 ఏళ్లదాకా కాంట్రాక్ట్ అంటే నాకైతే భయమే. మొదటి రెండు సీజన్లలో 33, 31 పాయింట్లు. మూడోదానిలో 80 మ్యాచ్‌లకి 12.

ట్విస్ట్ ఏంటంటే, ఆ సీజన్ మొత్తంలో 4 గోల్సే కొట్టిన మనిషి తర్వాత 16 ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో 6 కొట్టాడు. అందులో ఒకటి ఫ్లోరిడా మీద ఓవర్‌టైమ్‌లో. అయినా రేంజర్స్ ఆ 16 మ్యాచ్‌లకి పడిపోలేదు, 36.4 లక్షల వైపే చూశారు. జూన్‌లో వేవర్స్‌లో పెట్టేశారు. అంటే కాంట్రాక్ట్‌తో సహా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మొదటి ఛాన్స్ లీగ్‌లో ఆఖరున ఉన్న జట్టుది.

ఆ ఏడాది ఆఖరున ఉన్నది షార్క్స్. క్యాప్‌లో చోటు ఉంది, కుర్రాళ్ల జట్టు. తీసేసుకున్నారు.