అగ్నిద్వీపము చెంత మునక: నత్రజని లెక్క

శావల్యాపురము వంటి పల్నాటి మెట్ట గ్రామములలో సముద్రమును చూడని పిల్లలు పెక్కుమంది ఉందురు. కాని వెనుకటి తరములో మోటబావిలో ఈదని వారు అరుదు. బావి గట్టు నుండి దూకి, అడుగున ఉన్న మట్టిని పిడికిట పట్టి పైకి తెచ్చుట వారికి పందెము. ఆ పందెము వేసిన పెద్దలను అడిగి చూడుడు. రెండు నిలువుల లోతు పోవుసరికే చెవులలో పోటు పుట్టెడిదని చెప్పుదురు.

బావిలో మునిగిన వానికి చెవిపోటుతో సరిపోవును. సముద్రములో పదిహేను, పదహారు నిలువుల లోతునకు దిగి, అక్కడ కొంతసేపు ఊపిరి పీల్చి, అటువంటి మునకలు దినమునకు మూడేసి చొప్పున వరుసగా నాలుగైదు దినములు వేయు వాని శరీరములో ఏమి జరుగును? ఈ ప్రశ్న కేవలము కుతూహలము కొరకు కాదు. మన దేశములోనే అట్టి యాత్రలు జరుగుచున్నవి. అండమాను దీవులలో వేలాది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. మన ప్రాంతపు యువకులు కూడ విహారమునకు అచ్చటికి పోవుచున్నారు.

ద్వీపము ఎట్టిది?

అండమాను రాజధాని శ్రీవిజయపురము. 2024 వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్. అక్కడికి ఈశాన్యముగా సుమారు 138 కిలోమీటర్ల దూరమున బారెన్ ద్వీపమున్నది. బారెన్ అనగా బంజరు అని అర్థము. భారతదేశములో నేటికిని మండుచున్న అగ్నిపర్వతము ఇదియొక్కటే. దాని అడ్డుకొలత సుమారు 3 కిలోమీటర్లు. శిఖరము సముద్రమట్టమునకు సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నది. కాని సముద్రగర్భము నుండి కొలిచినచో ఈ కొండ ఎత్తు రెండు కిలోమీటర్లకు మించును. మన కంటికి కనబడునది కొన మాత్రమే.

మన దేశమును మోయుచున్న భూఫలకము తూర్పున బర్మా ఫలకము క్రిందికి జరుగుచున్నది. అట్లు లోతునకు దిగిన ఫలకము నుండి వెలువడు నీరు పైనున్న వేడి శిలలలో చేరి, అవి కరగుటకు తోడ్పడును. కరగిన శిల పైకి ఎగసివచ్చి అగ్నిపర్వతమగును. బారెన్ ద్వీపము 1787లో మండినట్లు నమోదైనది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము తరువాత చిరకాలము నిద్రించి, 1991లో మేలుకొనెను. ఆ తరువాత 1994-95, 2005, 2017, 2025 సంవత్సరములలో కూడ నిప్పు కురిసెను. దీనికి ఉత్తరముగా ఉన్న నార్కొండం ద్వీపము కూడ ఈ వరుసలోనిదే. అది ఇప్పుడు మండుట లేదు.

బారెన్ దీవిపై జనులు లేరు. సాధారణ యాత్రికులకు దానిపై కాలు మోపుటకు అనుమతి లేదు. వారు ఓడలోనే తిని, ఓడలోనే పడుకొని, చుట్టునున్న సముద్రములో మునుగుదురు. సముద్రములోనికి పారిన లావా చల్లారి నల్లరాయి అయిన పిదప, దానిపై పగడపు జీవులు అంటుకొని పెరుగును. ఆ పగడములను, వాటిని ఆశ్రయించిన చేపలను చూచుటకే ఈ ప్రయాణము.

నీటి బరువు, గాలి చిక్కదనము

భూమిపై గాలి మన శరీరమును 1 వాతావరణ పీడనముతో నొక్కుచున్నది. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు సుమారుగా మరియొక వాతావరణము చేరును. 10 మీటర్ల లోతున 2, 20 మీటర్ల లోతున 3, 30 మీటర్ల లోతున 4 వాతావరణముల పీడనము ఉండును.

మన గజ ఈతగాడు గట్టున పీల్చిన గాలితోనే మునిగి, ఊపిరి బిగపట్టి ఒకటి రెండు నిమిషములలో పైకి వచ్చును. స్కూబా డైవరు తన గాలిని తానే సిలిండరులో మోసికొనిపోవును. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ అను ఇద్దరు ఇందుకు తగిన కవాటమును రూపొందించిరి. చుట్టునున్న నీటి పీడనము ఎంతయో, అంత పీడనముతోనే ఈ కవాటము గాలిని నోటికి అందించును. లేనిచో ఆ లోతున రొమ్ము విప్పుటకే బలము చాలదు.

ఒక లెక్క చూతము. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల పీడనముతో గాలి నింపినచో, అది బయట 2,400 లీటర్ల గాలితో సమానము. డైవరు నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొందము. నీటిపైన అది 120 నిమిషములు వచ్చును. 30 మీటర్ల లోతున ప్రతి ఊపిరిలోను గాలి నాలుగు రెట్లు చిక్కగా ఉండుటచే, నిమిషమునకు 80 లీటర్లు ఖర్చగును. కనుక 30 నిమిషములే వచ్చును. అందులోను కొంత అత్యవసరమునకు మిగుల్చుకొనవలెను.

ఇదే బాయిల్ నియమము మరియొక హెచ్చరిక చేయుచున్నది. 30 మీటర్ల లోతున 6 లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగపట్టి పైకి వచ్చినచో, ఆ గాలి 24 లీటర్లు కాజూచును. ఊపిరితిత్తులు చిరిగిపోవును. అందుచే స్కూబా డైవరు ఎన్నడును ఊపిరి బిగపట్టరాదు.

సోడాబుడ్డి పాఠము

గాలిలో సుమారు నాలుగైదవ వంతులు నత్రజనియే. ప్రాణవాయువును శరీరము వాడుకొనును, నత్రజనిని వాడుకొనదు. ద్రవముపై వాయువు పీడనము పెరిగిన కొలది, ఆ వాయువు ద్రవములో ఎక్కువగా కరగునని 1803లో హెన్రీ కనుగొనెను. 30 మీటర్ల లోతున తగినంత కాలమున్నచో, రక్తమాంసములలో మామూలునకు నాలుగు రెట్ల నత్రజని కరగి చేరును.

ఇక గోలీసోడాను తలచుకొనుడు. గోలీ బిగిసియున్నంతసేపు బుడ్డిలో బుడగ కానరాదు. గోలీని నొక్కగానే పీడనము తగ్గి, కరగియున్న వాయువు బుస్సున పొంగును. డైవరు త్వరపడి పైకి వచ్చినచో అతని శరీరములోను ఇట్లే నత్రజని బుడగలు కట్టును. అవి కీళ్లలో చేరిన నొప్పి, చర్మములో చేరిన దురద, వెన్నుపాములో చేరిన కాళ్లు పడిపోవుట సంభవించును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

పందొమ్మిదవ శతాబ్దిలో వంతెనల పునాదుల కొరకు, అధిక పీడనముతో గాలి నింపిన గదులలో నదీగర్భమున పనిచేసిన కూలీలు ఈ వ్యాధితో మెలికలు తిరిగిపోయిరి. దీనికి కారణము నత్రజనియేనని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ నిరూపించెను. 1908లో బ్రిటనులో హాల్డేన్, ఆయన సహచరులు మేకలపై ప్రయోగములు చేసి, మెట్లు మెట్లుగా ఆగుచు పైకి వచ్చు పద్ధతిని ప్రకటించిరి. నేడు డైవర్లు నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించకుండ పైకి వత్తురు. 5 మీటర్ల లోతున మూడు నుండి ఐదు నిమిషములు ఆగుదురు. 30 మీటర్ల లోతున మొదటి మునకలో సుమారు 20 నిమిషములకు మించి ఉండరు.

ఆరని పరుపు

ఒక్క మునకకు ఈ నియమములు చాలును. పలుదినముల యాత్రలో మరియొక చిక్కు ఉన్నది. పల్చని ఉత్తరీయము తడిసినచో ఎండలో గడియలో ఆరును. దూదిపరుపు తడిసినచో మరునాటికి కూడ లోపల తడిగానే ఉండును. శరీరములోను ఇట్లే రెండు తెగలున్నవి. రక్తము ధారాళముగా పారు భాగములు నత్రజనిని త్వరగా పీల్చి, త్వరగా విడుచును. రక్తప్రసారము తక్కువైన భాగములు మెల్లగా పీల్చి, మెల్లగా విడుచును.

అధికముగా చేరిన నత్రజనిలో సగము పోవుటకు పట్టు కాలమును అర్ధకాలము అందురు. 5 నిమిషముల అర్ధకాలము గల భాగము భోజనము ముగియులోపలనే శుభ్రపడును. 6 గంటల అర్ధకాలము గల భాగమును చూడుడు. సాయంకాలపు మునక తరువాత 12 గంటలు గడచినను, అనగా రెండు అర్ధకాలములు పోయినను, అందు అధిక నత్రజనిలో నాలుగవ వంతు ఇంకను నిలిచియుండును. తెల్లవారి మరల మునిగిన, పాత బాకీపై కొత్త బాకీ చేరును. నాలుగవ దినమున వేసిన మునక మొదటి దినపు మునక వలెనే కనబడును గాని, శరీరమునకు అది వేరు.

మణికట్టున కట్టుకొను చిన్న కంప్యూటరు ఈ బాకీని లెక్కగట్టి చూపును. కాని అది లోతును, కాలమునే ఎరుగును. ఓడ కుదుపునకు వాంతులై శరీరములో నీరు తగ్గినదో, రాత్రి నిద్రపట్టలేదో అది ఎరుగదు. పైగా అగ్నిద్వీపపు గట్టు నిట్టనిలువుగా దిగిపోవును, నీరు అద్దము వలె నుండును. దృష్టి క్రిందికి పోయిన కొలది, తెలియకుండనే మనిషియు క్రిందికి పోవును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మనస్సులో ఉన్నది. భుజము నొప్పి పుట్టిన డైవరు, “ఉదయము సిలిండరు ఎత్తితిని గదా, అందుకే” అనుకొనును. ఎంతో ధనము పోసి వచ్చితినని, మధ్యాహ్నపు మునకను మానుకొనలేక దాచిపెట్టును. మునక తరువాత పుట్టిన నొప్పిని, తిమ్మిరిని నత్రజని పనియే యని ముందుగా అనుమానించి చెప్పుట క్షేమము. వెంటనే స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్పించవలెను. అందు నత్రజని లేనందున, రక్తములోని నత్రజని త్వరత్వరగా ఊపిరితిత్తులలోనికి వచ్చి వెలుపలికి పోవును. అసలు చికిత్స పీడనపు గదిలో జరుగును. ఆ గది గల ఆసుపత్రికి చేరవలెనన్న, ముందు 138 కిలోమీటర్ల సముద్రము దాటవలెను.

యాత్ర ముగిసినను బాకీ తీరదు. విమానములో గాలి పీడనము నేలపై ఉండు దానిలో సుమారు మూడు వంతులే. ఇది గోలీని మరికొంత నొక్కుటయే. అందుచే పలుదినములు మునిగిన వారు, చివరి మునక తరువాత కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెనని నియమము. మన 6 గంటల భాగములో అప్పటికి ఎనిమిదవ వంతు మిగులును.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగా చూపవచ్చును. సూది లేని పెద్ద ఇంజెక్షను గొట్టములో సగము వరకు సోడా పీల్చి, పైనున్న గాలిని నెట్టివేసి, బుడగలు అణగు వరకు ఆగుడు. కొనను వ్రేలితో గట్టిగా మూసి, కాడను వెనుకకు లాగుడు. బుడగలు పుట్టును. ఒకసారి గుంజి లాగి, మరియొకసారి మెల్లగా లాగి భేదమును పిల్లలచే వ్రాయింపుడు. సోడాలో ఉన్నది బొగ్గుపులుసు వాయువే గాని, నత్రజనికిని ఇదే సూత్రము.

బావిలో మునిగిన పిల్లవానిని చెవిపోటు వెంటనే హెచ్చరించును. నత్రజని లోనికి చేరునప్పుడు నొప్పి లేదు, చిహ్నము లేదు. గడియారము, లోతు కొలత, లెక్క, ఈ మూడే దానిని చూపగలవు. సముద్రములోనికి పోవు మన పిల్లలు ఈత నేర్చినంత శ్రద్ధగా ఈ లెక్కను కూడ నేర్వవలెను.