వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ వాయిదా వేస్తున్నారా? ముందు ఇది చదవండి

ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ వస్తే ఎగబడి ఇన్‌స్టాల్ చేసేవాళ్లే, సొంత వర్డ్‌ప్రెస్ సైట్‌లో అప్‌డేట్ కనిపిస్తే "సైట్ పోతుందేమో" అని వదిలేస్తారు. నన్నడిగితే, వదిలేయడమే అసలు రిస్క్.

వర్డ్‌ప్రెస్ ఓపెన్ సోర్స్ కదా! కొత్త వెర్షన్ రాగానే పాత కోడ్‌తో పోల్చి ఏ లైన్ మారిందో ఎవరైనా చూడొచ్చు. అంటే లోపం ఎక్కడుందో హ్యాకర్‌కీ తెలిసిపోతుంది. 2017 జనవరిలో వచ్చిన 4.7.2 వెర్షన్, రెస్ట్ ఏపీఐలోని ఒక పెద్ద లోపాన్ని సరిచేసింది. దాదాపు వారం ఆగి ఆ వివరాలు బయటపెట్టారు. అప్పటికీ అప్‌డేట్ చేయని సైట్లలో లక్షల పేజీలను హ్యాకర్లు మార్చేశారు.

మరి అప్‌డేట్ చేస్తే ఏం పోతుంది? కోర్ అప్‌డేట్‌లో ముఖ్యంగా మారేవి డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లు. మీ ఫొటోలు, ప్లగిన్లు ఉండే డబ్ల్యూపీ-కంటెంట్ అలాగే ఉంటుంది. పోస్టులు డేటాబేస్‌లో ఉంటాయి. పోయేవల్లా కోర్ ఫైళ్లలో మీరు నేరుగా చేసిన మార్పులే. థీమ్ అప్‌డేట్‌కీ ఇదే వర్తిస్తుంది. అందుకే సొంత కోడ్‌ని చైల్డ్ థీమ్‌లోనో, చిన్న ప్లగిన్‌లోనో పెట్టండి.

నేను ఫాలో అయ్యే పద్ధతి ఇదీ:

1. ఫైళ్లు, డేటాబేస్ రెండింటికీ బ్యాకప్ తీసుకోవాలి.
2. సైట్ కాపీ మీద ముందుగా అప్‌డేట్ చేసి, లాగిన్, ఫారాలు, ప్లగిన్లు చెక్ చేయాలి.
3. అన్నీ ఓకే అయితేనే అసలు సైట్‌లో చేయాలి.

2013లో వచ్చిన 3.7 నుంచి చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడతాయి. ఆ సెట్టింగ్‌ని మాత్రం ఆపేయకండి.