ద్వారము అందుబాటులో ఉండవలెను, అడ్డముగా ఉండకూడదు



కంప్యూటరులో కొన్ని పనులకు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కవలెను. రెండు చేతులు బాగున్న మనకు ఇది సులభమే. పక్షవాతము వలన ఒక చేయి పడిపోయినవారి మాటేమి? వారికొరకు ‘స్టికీ కీస్’ అను సౌకర్యము ఉన్నది. దాని సహాయముతో ఆ మీటలను ఒక్క వ్రేలితో ఒకదాని తరువాత ఒకటి నొక్కిన చాలును.

అయితే ఆ సౌకర్యమును తెరచుట ఎట్లు? దాని మీటను లోపలెక్కడో దాచినయెడల, అక్కరగలవాడు అక్కడికి చేరలేడు. చేరుటకే ఆ సహాయము కావలెను గదా! అందుచేత షిఫ్ట్ మీటను వరుసగా 5 సార్లు నొక్కుట అను గుర్తును ఏర్పరచిరి. 1995లో వచ్చిన విండోస్ 95లోనే ఈ సౌకర్యము ఇమిడియున్నది. షిఫ్ట్ మీట ఒంటరిగా ఏ అక్షరమును వ్రాయదు. ఒక్క వ్రేలితో ఎవరైనను నొక్కగలరు.

కాని ఆటలాడు పిల్లలు ఆ మీటను మాటిమాటికి నొక్కుదురు. ఆట మధ్యలో శబ్దముతో ఒక ప్రశ్న తెరపైకి వచ్చును, వారు విసుగుకొందురు. ఇక్కడ రెండు మేలులను గమనించుడి. కంప్యూటరు తనంతట తాను మార్చక, ముందుగా అడుగును. వద్దనుకొనువారు ఆ షిఫ్ట్ గుర్తును ఆపివేయు మార్గమును కూడ అక్కడే చూపును.

మన ఇండ్లలోని ఆండ్రాయిడ్ ఫోనులలోను ఇట్టిదే కలదు. అనేక ఫోనులలో శబ్దమును పెంచు, తగ్గించు మీటలు రెండింటిని కలిపి కొన్ని క్షణములు నొక్కిపట్టినయెడల, చూపులేనివారికి తెరను చదివి వినిపించు ‘టాక్‌బ్యాక్’ను తెరువవచ్చును. పొరపాటున అది మొదలైనప్పుడు ఫోను మాటలాడును. ఒకసారి తాకిన తెరువబడదు, రెండుసార్లు తాకవలెను. ఫోను చెడిపోయెనని దుకాణమునకు పరుగెత్తనక్కరలేదు. ఆ రెండు మీటలనే మరల నొక్కిపట్టి చూడుడి.

కాబట్టి మేము కోరునది ఒక్కటే. మీ స్వంత కంప్యూటరులో విసుగనిపించిన గుర్తును ఆపుకొనవచ్చును. కాని బడిలోను, నలుగురు వాడు చోటను దానిని తీసివేయకుడి. మనకు అది ఒక్క క్షణపు చికాకు. మరియొకరికి లోనికి వచ్చుటకు అదియొక్కటే ద్వారము కావచ్చును. తెరచుట, మూయుట రెండును ఇంటిల్లిపాదియు నేర్చుకొనిన యెవరికిని ఇబ్బంది ఉండదు.